చిక్కిపోయావు అల్లుడూ

తెల్లవారేసరికి ఆ కొండ కింద చిలగడదుంప చేలన్నీ మంచులో మునిగిపోయేవి. ఆ మంచులో గరికయ్య అనే కుందేలు రోజూ గట్ల వెంట పరుగు తీసేవాడు. కాళ్ళు నేలను తాకుతున్నాయో లేదో అతనికే తెలిసేది కాదు. నేలే తనను మెల్లగా ఎత్తుకుపోతున్నట్టుండేది. ఎవరో చెప్పారని చేసే పని కాదది, ఒట్టి సంతోషం.

ఆ సంతోషమే నక్క జిత్తయ్యకు కడుపుమంట. చలి మొదలైనప్పటినుంచీ వెంటపడి, ఒక్కసారీ అందుకోలేక, చివరికి చుట్టరికం కలిపాడు. ఓ ఉదయం దూరంగా గట్టు మీద కూర్చుని ఎంతో జాలిగా పలకరించాడు.

"ఎంత చిక్కిపోయావు అల్లుడూ."

మనవాళ్ళలో ఆ మాటకు తిరుగులేదు. ఎంత గట్టివాడైనా సరే, చిక్కిపోయావని ఎవరైనా అంటే చాలు, ఓసారి అద్దం చూసుకుని నేరుగా వంటింట్లోకి నడుస్తాడు. కుందేలుకు అద్దం లేదు గనక పక్కటెముకలు తడుముకున్నాడు. తగిలాయి. పుట్టినప్పటినుంచీ అవి తగులుతూనే ఉన్నాయన్న సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు.

జిత్తయ్య అతనికి చేలో ఉన్న రైతు పాక వెనకాల దుంపల కుప్ప చూపించాడు. ఆ పరుగులే ఒంట్లో సారం పీల్చేస్తున్నాయని, హాయిగా తిని పడుకోమని, కాపలా తను ఉంటానని చెప్పాడు.

గరికయ్య తిన్నాడు, పడుకున్నాడు. పరుగంతా ఇక కలలోనే. ఆ కలలో చేలు నీలంగా ఉండేవి, గట్లు మబ్బుల్లోకి వెళ్ళేవి, ఆయాసమన్నదే లేదు. మెలకువ వస్తే మాత్రం ఒళ్ళు బరువు, మనసు దిగులు, ఆకలి లేకుండానే మళ్ళీ ఓ దుంప. అంత నిద్రపోయినా అలసట తీరేది కాదు.

ఈమధ్య కనబడ్డం లేదేమని, వరసకు వదినయ్యే కౌజుపిట్ట వెతుక్కుంటూ వచ్చింది. వదినను పలకరిద్దామని చిన్న గట్టు ఎక్కిన గరికయ్య, మాట పెగలక రొప్పుతూ నిలబడ్డాడు. ఊపిరి అందాక జరిగిందంతా చెప్పాడు.

"చిక్కావన్నాడా?" అంది కౌజు. "ఎవరికి చిక్కావో చెప్పాడా మరిదీ?"

గరికయ్యకు అప్పుడు తెలిసింది, తను చిక్కింది నక్కకేనని. ఇప్పుడు పారిపోతే పాక దాటేలోపే దొరికిపోతాడు. ఉండిపోతే ఎలాగూ జిత్తయ్య తినేస్తాడు. ఏడుపొచ్చింది. కౌజు ఓదార్చలేదు. రేపు మంచు పట్టగానే గట్టు మీదికి రమ్మంది, పరుగొద్దు, నడవమంది.

సాయంత్రం జిత్తయ్య వచ్చి కళ్ళతోనే కొలుచుకున్నాడు.

"ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు మావయ్యా," అన్నాడు గరికయ్య. "ఇంకొన్నాళ్ళు చూద్దామా?"

ఇంకాస్త కండ పడుతుందంటే నక్కకు చేదా? సరేనన్నాడు. పొద్దున్నే మంచు చాటున కుందేలు నడిచేవాడు. మొదట గట్టు దాకా, తరవాత గట్టు చివరిదాకా, ఆ తరవాత కాళ్ళే పరుగు అడిగాయి. తినడం ఆకలి మేరకే తిని, మిగతా దుంపలన్నీ ఎలుకల దారిలోకి దొర్లించేవాడు. ఎలుకలు తెగ వచ్చేవి. కూర్చున్నచోటే నోటికందే ఎలుకల్ని మింగుతూ, కాపలా కాస్తూ, జిత్తయ్య కూడా కమ్మగా కలలు కనసాగాడు.

ఒకనాడు మంచు తొందరగా విడిపోయింది. గట్టు మీద పరుగు తీస్తున్న అల్లుడు కంటపడ్డాడు. జిత్తయ్య ఒక్క దూకు దూకాడు. మొదటి గట్టు దగ్గర అతని ఊపిరి కుందేలు తోకకు తగిలింది. భయం వేసినా గరికయ్య కాళ్ళు ఆగలేదు. రెండో గట్టు దగ్గర వెనక చప్పుడు తగ్గింది. నక్క పొట్ట పట్టుకుని కూలబడ్డాడు.

"కాస్త మెల్లగా పరిగెత్తు అల్లుడూ," అన్నాడు రొప్పుతూ, "నీకు పుణ్యముంటుంది."

అల్లుడు వెనక్కి చూడకుండా కొండ దాటిపోయాడు.

ఒంటికి రోజూ పని చెప్పకపోతే, ప్రాణం మీదికి వచ్చిన రోజున అది మన మాట వినదు.