బారెడు దారం

గాలి కూడా తొందరపడకుండా నడిచే ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు మందారగిరి. చుట్టూ కొండలు, నడుమ లోయ. కొండలు దాటి వచ్చేసరికే గాలికి సగం ఊపు పోయేది. ఇక కోటగోడలెక్కి లోపలికి దిగేసరికి, అది నిద్రపోతున్న మనిషి ఊపిరిలా మిగిలేది.

ఆ రాజ్యాన్ని ఏలే జయకేతన మహారాజుకి గాలిపటాలంటే ప్రాణం. ఆయన లెక్కలో గాలిపటం గొప్పతనమంతా దారం పొడవులోనే ఉంది. ఆయన దారపు కండెను ఇద్దరు బంట్లు కావడి వేసి మోసేవారు. రాజ్యంలో మరెవరి దారమూ అంత పొడవు ఉండకూడదని చాటింపు కూడా వేయించాడు.

ఆయన కొలువులో వెన్నయ అనే చమత్కారి ఉండేవాడు. రాజుకి కోపం వస్తే నవ్వించడం, నవ్వొచ్చినప్పుడు ఎవరో ఒకరి పని జరిగేలా చూడటం అతని ఉద్యోగం.

శరత్కాలంలో ఒక మధ్యాహ్నం రాజు కోట బురుజు మీద నిలబడి గాలిపటం ఎగరేశాడు. జరీ అంచున్న పట్టు గాలిపటం. ఉన్న కాస్త గాలికే అది ముచ్చటగా పైకి లేచింది. రాజుకి ఉత్సాహం ఆగలేదు. ఇంకా వదలండి, ఇంకా వదలండి అన్నాడు. బంట్లు వదులుతూ పోయారు. దారం మధ్యలో ఊయలలా వేలాడింది. ఆ బరువుకి గాలిపటం తల వంచి, మెల్లగా జారి గుర్రపుశాల కప్పు మీద కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. వెన్నయ ఒక్కడే చేతులు కట్టుకుని, ఈ పాటి గాలికి సన్నని దారం, అందులోనూ పావు వంతు చాలునని మనవి చేశాడు. ఎక్కువ వదిలితే గాలిపటం గాలిని పట్టుకోవడం మాని దారాన్ని మోయడంలో పడుతుందన్నాడు. రాజు దారాన్ని తగ్గించమనడానికి నువ్వెవరివని జయకేతనుడు మండిపడ్డాడు. ఆ మాట అక్కడితో ఆగింది.

పడమటి మేడలో రాజమాత నాగాంబిక ఉండేది. మోకాళ్ళు పట్టేసి మంచానికి అంటుకుపోయి చాలాకాలమైంది. చల్లగాలి తగలకూడదని వైద్యులు కిటికీలన్నీ మూయించారు. చూపు కూడా గది అవతలి గోడ దాకానే ఆనుతోంది. రాజు రోజూ వెండి పళ్ళెంలో పండ్లు పంపేవాడు, శాలువలు పంపేవాడు. తాను మాత్రం వానలు మొదలైన దగ్గర్నుంచి అటు తొంగి చూడలేదు. సాయంకాలాలు వెన్నయే వెళ్ళి ఆమెకి కథలు చెప్పేవాడు.

ఒకనాడు కథ మధ్యలో ఆమె చెయ్యెత్తి ఆపింది. చిన్నప్పుడు జయకేతనుడు దారం పట్టుకుని మేడంతా ఎలా పరిగెత్తేవాడో, కింద పడి లేచి మళ్ళీ ఎలా పరిగెత్తేవాడో చెప్పుకుంటూ పోయింది. చెబుతుంటే మూసిన కిటికీల సందుల్లోంచి వచ్చిన ఎండ ఆమె దుప్పటి మీద కదలకుండా పడుకుని ఉంది.

"ఒక్కసారి గాలిపటం ఎగరడం చూడాలని ఉంది వెన్నయా. ఆకాశంలో ఎగిరితే నాకు కనపడదు. ఇక్కడ ఎగరదు. ముసలితనంలో ఇలాంటి కోరికలే పుడతాయి కాబోలు" అంది.

వెన్నయకి ఆ సాయంత్రం కథ సాగలేదు.

మర్నాడు కొలువులో ఆ సంగతి విన్నవించాడు. రాజు ముఖంలో ఏదో కదిలింది. కానీ చుట్టూ మంత్రులూ సామంతులూ ఉన్నారు. గుర్రపుశాల కప్పు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

"దారం గురించి నాకే చెప్పినవాడివి కదా, నువ్వే ఎగరెయ్యి" అన్నాడు రాజు. "తలుపులూ కిటికీలూ తెరవకూడదు. విసనకర్ర ఊపకూడదు. మా అమ్మ చూసేది రాజు గాలిపటం కాబట్టి దారం కూడా ఆ హోదాకి తగ్గట్టు ఉండాలి. నేనున్న చోటి నుంచి మా అమ్మ ఉన్న చోటికి ఎంత దూరమో అంత దారం. జానెడు తగ్గినా రాజ్యం విడిచి పోవాలి."

సభలో గుసగుసలు పుట్టాయి. సింహాసనం నుంచి పడమటి మేడకి వెళ్ళాలంటే రెండు మండువాలూ, ఒక తోటా దాటాలి. అంత దారం ఆ గదిలో పోగేస్తే మనిషి నిలబడే చోటుండదు. వెన్నయ వచ్చే పౌర్ణమి సాయంత్రానికి గడువడిగి ఇంటికి పోయాడు.

ఇంట్లో ఒక పెద్ద గది ఖాళీ చేయించి తలుపులు మూసుకున్నాడు. పట్టు బరువని పక్కన పెట్టి పల్చటి కాగితం తీసుకున్నాడు. వెదురు పుల్లలని వెంట్రుకంత సన్నగా చెక్కాడు. పట్టుపురుగు గూటి నుంచి తీసిన ఒంటిపోగుని దారంగా కట్టాడు. ఎగరేస్తే ఎగరలేదు. గాలే లేదు మరి.

విసిగి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడది లేచింది.

వెన్నయ ఉన్నచోటనే నిలబడిపోయాడు. గాలిపటం కూడా ఆగి, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు తేలి, నేలకి దిగింది. మళ్ళీ నడిచాడు, మళ్ళీ లేచింది. ఈ గదిలో గాలంటే తన నడకేనని అతనికి అర్థమైంది. ఇక మిగిలింది దారం సంగతి. మూరెడు కడితే గాలిపటం చేతికి చుట్టుకుంది. గది పొడవునా కడితే దారం నేల ఊడ్చింది, గాలిపటానికి లాగుడే అందలేదు. పెంచుతూ, తుంచుతూ, మధ్యాహ్నాలన్నీ కలలో నడిచినట్టు వెనక్కి వెనక్కి నడిచాడు. రెండు చేతులు బార్లా చాపినంత దారం కట్టినప్పుడు అది తలకి కాస్త పైన నిలిచి, అతని అడుగు వెంట అడుగేసింది. పొద్దు వాలినా ఆ గదిలోంచి బయటికి రావాలనిపించలేదు.

పౌర్ణమి సాయంత్రం వెన్నయ కొలువుకి వెళ్ళి అంతా సిద్ధమన్నాడు. అయితే గెలిచానో ఓడానో చెప్పవలసింది ఏలినవారే కాబట్టి తమరు స్వయంగా వచ్చి చూడాలన్నాడు. కాదనడానికి రాజుకి కారణం దొరకలేదు. రెండు మండువాలూ, తోటా దాటి ఆయన పడమటి మేడకి వచ్చాడు.

గదిలో దీపాలు వెలుగుతున్నాయి. కొడుకుని చూసి నాగాంబిక కొంగు సర్దుకుంది. మంచానికి కాస్త ఎడంగా వెన్నయ వేయించిన పీట మీద రాజు హుందాగా కూర్చున్నాడు.

వెన్నయ ఒంటిపోగు దారం తీశాడు. ఒక కొస రాజు చేతికిచ్చాడు, రెండో కొస రాజమాత వేళ్ళకి అందించాడు. మధ్యనున్న దారాన్ని బిగించి, బారెడుందని చెప్పి, తుంచి గాలిపటానికి కట్టాడు.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "నేనన్నది సింహాసనం దగ్గర్నుంచి" అన్నాడు.

"తమరున్న చోటి నుంచి అన్నారు ప్రభూ. తమరిప్పుడు ఇక్కడున్నారు" అన్నాడు వెన్నయ నెమ్మదిగా. "ఈ దూరం ఇంత తక్కువని నిన్నటి దాకా నాకూ తెలియదు."

రాజు తాను దాటి వచ్చిన గుమ్మం వైపు చూశాడు. ఈలోగా వెన్నయ వెనక్కి అడుగేశాడు.

గాలిపటం దుప్పటి మీది నుంచి లేచింది. చప్పుడు లేదు. దీపాల వెలుగు ఆ కాగితంలోంచి వడకట్టినట్టు గోడల మీద పడింది. వెన్నయ మంచం చుట్టూ తిరుగుతుంటే అది అతని వెనకాలే తిరిగింది. అతను నిదానిస్తే అదీ నిదానించింది. పాత దూలాల కిందుగా, మూసిన కిటికీల ముందుగా, నీళ్ళలో ఆకులా తేలుతూ పోయింది. నాగాంబిక కళ్ళు దాని వెంటే వెళ్ళాయి. ఆమె పెదవులు ఏదో పేరు పలికినట్టు కదిలాయి. అది జయకేతనుడి చిన్ననాటి ముద్దుపేరు. విని ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు.

ఆయన కిరీటం తీసి పీట మీద పెట్టి, వెళ్ళి తల్లి పక్కన మంచం మీద కూర్చున్నాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని ఇంకా దగ్గరికి లాక్కుంది.

వెన్నయ నడుస్తూనే అన్నాడు: "అమ్మా, మరీ అంత దగ్గరికి తీసుకోకండి. ఆజ్ఞ ప్రకారం దారం తగ్గించాల్సి వస్తుంది. ఇక నా గాలిపటానికి ఏమీ మిగలదు."

రాజు ఫక్కున నవ్వాడు. కొలువులో నవ్వే నవ్వు కాదది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి వెన్నయ మెడలో వేశాడు. రేపటి నుంచి రాజ్యంలో ఎవరి దారం ఎంత ఉండాలో వాళ్ళ ఇష్టమనీ, ఇంకో చాటింపు వేయించమనీ చెప్పాడు.

తర్వాత ఆ బారెడు దారాన్ని తన చేతికి ఇమ్మన్నాడు. ఆయనకి మెల్లగా నడవడం అలవాటు లేదు. మొదటిసారి గాలిపటం వెళ్ళి దూలానికి తగిలింది, రెండోసారి దోమతెరలో చిక్కుకుంది.

"నెమ్మదిగా నాయనా" అంది నాగాంబిక. "ఇక్కడ నిన్నెవరూ తరమడం లేదు."

రాజు అడుగు తగ్గించాడు. గాలిపటం లేచింది.