సాలమ్మ మోచెయ్యి

ఓబులేసుకు తన చేతుల మీద నమ్మకం ఎక్కువ. ఖాసిం పీరా ఉస్తాద్ దగ్గర విరిగిన ఎముకలకు కట్లు కట్టడం నేర్చుకుంటున్నాడు. జారిన భుజపు గూడను ఒక్క లాగుతో కూర్చోబెడతాడని అప్పటికే పేరొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు పోయినప్పుడు సాలమ్మ వచ్చింది. జొన్నసొప్ప వేసిన బండి మీద నుంచి పడిందట. ఎడమ చేత్తో కుడి మోచేతిని ఒడిసి పట్టుకుని, తల కుడివైపుకు వాల్చి, అదురు తగలకుండా నడుస్తోంది.

"చెయ్యి ఎత్తలేకున్నా నాయనా. నేను పడింది ఎట్లంటే..."

"గూడ జారింది. ఇప్పుడే సరైపోతుంది" అన్నాడు ఓబులేసు. పట్టుకున్న చేతిని విడిపించి, కుడి చెయ్యి అందుకుని లాగాడు.

మెడ కింద ఏదో పటుక్కుమంది. సాలమ్మ కేక వీధి చివరి దాకా వినిపించింది.

అప్పుడే తిరిగొస్తున్న ఉస్తాద్ పరుగున లోపలికి వచ్చాడు. ఆమె చేతిని ముట్టుకోలేదు. మెడకూ భుజానికీ మధ్య అడ్డంగా ఉండే ఎముక వైపు చూశాడు. అక్కడ చర్మం గుడారంలా లేచింది.

"వేళ్లు ఆడించు తల్లీ. తిమ్మిరి ఉందా? ఊపిరి సరిగ్గా ఆడుతోందా?"

ఆమె వేళ్లు ఆడించి, తిమ్మిరి లేదంది, ఊపిరి ఆడుతోందని తలూపింది. ఉస్తాద్ తన తలపాగా విప్పి, మోచెయ్యి ఆనేలా జోలె కట్టి, చేతిని రొమ్ముకు దగ్గరగా కదలకుండా చుట్టాడు. మూలుగు తగ్గింది.

"విరిగిందా ఉస్తాద్?" అని అడిగాడు ఓబులేసు.

"విరిగే వచ్చింది. ఈ ఎముక విరిగినోళ్లు మోచెయ్యి పట్టుకునే వస్తారు. ఆ రెండో చెయ్యే కట్టు. నువ్వు విప్పినావు."



ఎముక అతుక్కుంది కానీ, ముక్క మీద ముక్క ఎక్కి బుడిపె కట్టింది. కళ్లాల కాలం వచ్చేసరికి ఓబులేసు ఆమెను చూడటానికి కళ్లానికి పోయాడు. సాలమ్మ జొన్నలు తూర్పారపడదామని చేట ఎత్తింది. చెయ్యి భుజం దాటి లేవలేదు. జొన్నలన్నీ ఆమె కాళ్ల మీదనే పడ్డాయి.

అతను చేట అందుకున్నాడు. ఆమె పక్కకు జరిగింది.

"ఆ పొద్దు ఎట్ల పడినానో చెప్పబోతిని" అంది, కోపం లేకుండా. "నువ్వు విననే లేదు."

పొద్దు వాలేదాకా తూర్పారపట్టి, ఒళ్లంతా పొట్టుతో ఓబులేసు ఉస్తాద్ ముందు కూర్చున్నాడు.

"ఇంక నేను ఎవరినీ ముట్టుకోను ఉస్తాద్."

బయట అరుగు మీద ఎవరో మూలిగారు. ఓబులేసు కదల్లేదు.

ఉస్తాద్ లేచి, శిష్యుడి రెండు చేతులూ పట్టుకుని మెల్లగా అతని వీపు వెనక పెట్టాడు.

"పో. ఏమైందో అడుగు."