భండారంలో రెండు తెరలు

ఒకానొక కాలంలో పూలకోన రాజ్యాన్ని మణికేతనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు యుద్ధాల కంటే తాళపత్రాల మీద మక్కువ ఎక్కువ. శాసనాలు, కావ్యాలు, వైద్య గ్రంథాలు అన్నీ చేర్చి కోటంత భండారం కట్టించాడు. తూర్పు గదుల్లో ఒక ప్రతి, పడమటి గదుల్లో దానికే మరో ప్రతి. చూడవచ్చిన పరదేశులు గుమ్మంలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయేవారు.

అంతకంటే విచిత్రం దాన్ని నడిపే పద్ధతి. అది రాజు స్వయంగా ఆలోచించి పెట్టింది. సభలో చదివే పాఠకుడికి గ్రంథం పేరు మాత్రమే తెలుసు. అతడు ఆ పేరును తెర వెనక కూర్చున్న లేఖరికి చెబుతాడు. లేఖరి ఆ పేరు ఏ సంఖ్య గల కట్టలో ఉందో చూసి, ఇంకో తెర వెనక ఉన్న కాపరికి ఆ సంఖ్య చెబుతాడు. కాపరి ఏ గది దగ్గరైతే ఆ గదిలోంచి కట్ట తెచ్చి లేఖరికిస్తాడు, లేఖరి అందులోంచి అడిగిన ఆకు తీసి పాఠకుడికి అందిస్తాడు. కట్టలో ఏముందో కాపరి చదవకూడదు.

ఒక వానాకాలం ఒక గది కప్పు కారితే కాపరి అందులోని కట్టలన్నీ వేరే గదికి మార్చాడు. సభలో ఎవరికీ తెలియనే లేదు. అడిగిన గ్రంథం ఎప్పటిలాగే వచ్చింది. ఆ సంగతి తర్వాత తెలిసి ఆస్థానమంతా అబ్బురపడింది. రాజుకు మాత్రం గర్వం తలకెక్కింది.

ఆయన ఆ నియమాలను రాతి పలక మీద చెక్కించి వాకిట్లో నిలబెట్టాడు. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా సభకు వచ్చి సవరణ చెప్పవచ్చు. కాకపోతే, చెప్పినవాడు నవ్వులపాలై వెళ్ళేవాడు.

నృహరి శాస్త్రి అనే పండితుడు ఒకసారి ధైర్యం చేశాడు. "ప్రభూ, ఈ తెరలన్నీ ఎందుకు? పేరు, సంఖ్య, గది, అక్షరం అన్నీ ఎరిగిన ఒక్క మనిషి చాలడా?"

"ఆ ఒక్కడికీ జ్వరం వస్తే మీరు పరుగెత్తుకెళ్ళి తెస్తారా శాస్త్రిగారూ?" అన్నాడు రాజు. సభ గొల్లుమంది.

ఇలా ఉండగా ఏటి గట్టున మగ్గాలు నేసుకునే సాలెపేటకు పెద్ద ఆపద వచ్చిపడింది. రాజు అక్కడ విహార మండపం కట్టాలనుకున్నాడు. పేట గురించి పాత శాసనమేమైనా ఉందా అని అడిగితే, పాఠకుడు ఆకు చూసి "సాలెపేటను కదల్చ... అని ఉంది ప్రభూ" అన్నాడు. "కదల్చమనే కదా!" అని రాజు వెంటనే ఆజ్ఞ వేశాడు.

పేట పెద్ద మార్కండయ్య ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు ఏకామ్రయ్య ఇంటికి వచ్చాడు.

"అయ్యా, పట్టాభిషేకం నాడు రాజుగారే మమ్మల్ని ఎవరూ కదల్చరాదని శాసనమిచ్చారు. ఆ మాట ఈ చెవులతో విన్నాను. ఇప్పుడు మగ్గం గుంటలు పూడ్చుకుని పొమ్మంటున్నారు. ఎక్కడికి పోతాం?"

సభలో పాఠకుడు "కదల్చ..." దగ్గరే ఆగిపోవడం ఏకామ్రయ్యకు గుర్తొచ్చింది. పట్టాభిషేకం నాటి ఆకులన్నీ ఒకే కట్టలో ఉంటాయి. రాజుగారి బిరుదులన్నీ రాసిన ప్రశస్తి కూడా అందులోదే. సాలెపేట ఆకును ఏదైనా కొరికితే, పక్క ఆకును విడిచిపెడుతుందా?

మర్నాడు నిండు సభలో లేచి నిలబడి, "ప్రభూ, చాలాకాలమైంది, మీ ప్రశస్తి వినాలని ఉంది. కంఠస్థం వద్దు. ఆకు తెప్పించి, ఉన్నది ఉన్నట్టు చదివించండి. మీ భండారం గొప్ప అందరూ చూస్తారు" అన్నాడు.

రాజు ఉబ్బిపోయాడు. ఆకు వచ్చింది. పాఠకుడు గొంతు సవరించుకున్నాడు.

"శ్రీ మణికేతన మహారాజు... పరాజితుడు."

సభికులు రాజు వైపు చూశారు.

"భయదాత... ధర్మ శత్రువు..." పాఠకుడు ఆకును కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు.

రాజు కత్తి దూశాడు. "అపరాజితుణ్ణి, అభయదాతను, అధర్మ శత్రువును పట్టుకుని ఇంత మాటా! ఎవడిది ఈ పని?"

"ఉన్నది ఉన్నట్టు చదవమన్నారు ప్రభూ!" అన్నాడు పాఠకుడు.

"పేరుకు సంఖ్య చెప్పడమే నా పని ప్రభూ!" అన్నాడు లేఖరి తెర వెనకనుంచి.

"చదవకూడదని నాకు ఆజ్ఞ ప్రభూ!" అన్నాడు కాపరి ఇంకో తెర వెనకనుంచి.

ఏకామ్రయ్య చేతులు జోడించాడు. "ముగ్గురూ మీ ఆజ్ఞ జవదాటలేదు ప్రభూ. దాటింది పురుగు ఒక్కటే. రాతి పలక మీది నియమాలు చదవడం దానికి రాదు. ఆకు అంచులన్నీ తినేసింది."

రాజు కత్తి దించాడు. "అయితే శాస్త్రి చెప్పినట్టు తెరలు చించెయ్యమంటావా?"

"వద్దు ప్రభూ! కప్పు కారిన నాడు సభకు ఇబ్బంది కలగకుండా చూసింది ఆ తెరలే. కాకపోతే, ఫలానా ఆకు కావాలని అడగడానికి వాటిలో దారి ఉంది, పాడైందని చెప్పడానికి లేదు. ఏ ఆకులో ఎన్ని అక్షరాలుండాలో లేఖరికి తెలియజెయ్యండి. వచ్చిన ఆకులో లెక్క తగ్గితే, 'ఇది కాదు, రెండో గదిది తే' అని కాపరికి చెబుతాడు. మంచి ఆకు చూసి పాడైనదాన్ని మళ్ళీ రాయిస్తాడు. ఇవతల పాఠకుడికి ఆ సంగతే తెలియనక్కర లేదు."

రాజు సింహాసనం దిగాడు. తెరలు తప్పించుకుని, భండారం కట్టించాక మొదటిసారి తానే పడమటి గదిలోకి నడిచాడు. సభికులు వెనకే వెళ్ళారు. మసక వెలుతురులో కప్పు దాకా పేర్చిన కట్టలు చూసి ఆయన అడుగులు వాటంతటవే నెమ్మదించాయి. కాపరి కట్ట విప్పాడు. ఒక్క అక్షరం చెదరలేదు.

రాజు తన ప్రశస్తి పక్కన పెట్టి, "కదల్చ..." దగ్గర తెగిన మాట గుర్తొచ్చి కింది ఆకు తీశాడు. "సాలెపేటను కదల్చరాదు" అని మెల్లగా చదివాడు. తాను ఏనాడో ఇచ్చి మరిచిన మాట, ఎవరూ అడక్కపోయినా చీకట్లో చెక్కుచెదరకుండా ఉంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ ఆకును కళ్ళకద్దుకున్నాడు.

"మండపం వద్దు. మగ్గాలు అక్కడే ఆడనీ" అన్నాడు. సభికుల వెంట వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ మార్కండయ్య అలాగే నేల మీద కూలబడి దణ్ణం పెట్టాడు.

అప్పుడు రాజు ఏకామ్రయ్య వైపు తిరిగాడు. "నిజం చెప్పు. నిండు సభలో నన్ను పరాజితుణ్ణి చేసింది పురుగా, నువ్వా?"

"ఇద్దరమూ ప్రభూ. కానీ శాలువా కప్పడానికి దాని భుజాలు చాలవు కదా!"

రాజు పగలబడి నవ్వి, తన భుజం మీది పట్టు శాలువా తీసి ఏకామ్రయ్యకు కప్పాడు.