కాసులపేరు గుట్టు

నాసరయ్య, చెంచయ్య అన్నదమ్ములు. తెలివంతా తమ ఇంట్లోనే పుట్టిందని, మిగిలింది ఊరికి పంచిపెట్టారని వాళ్ళ నమ్మకం. దీపం ఆరిందో లేదో చూడ్డానికి ఇంకో దీపం వెలిగించే రకం.

వాళ్ళమ్మ పోతూ పోతూ ఓ కాసులపేరు వదిలి వెళ్ళింది. ఆ ఇంట్లో బంగారమంటే అదొక్కటే. "అత్త నాకే ఇస్తానంది" అని పెద్దకోడలు గురవమ్మ. "నా మెళ్ళో వేసి చూసుకుని మురిసిపోయింది, నాదే" అని చిన్నకోడలు అంకమ్మ. ఇంకేముంది, ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది.

"గొడవ ఊళ్ళో పడకముందే పట్నంలో ప్లీడరుగారిని గుట్టుగా అడిగొద్దాం పద అన్నా" అన్నాడు చెంచయ్య.

గుట్టంటే గుట్టే. బయల్దేరేముందు నాసరయ్య వీధివీధీ తిరిగి, "మేం ప్లీడరు దగ్గరికి రహస్యంగా పోతున్నాం, ఎవరూ చూడకండి!" అని అరిచొచ్చాడు. అంతే, ఊరంతా బస్సుదాకా సాగనంపింది.

"ఏంటయ్యా సంగతి?" అన్నాడు ప్లీడరు.

"చెప్పకూడదండి, రహస్యం" అన్నాడు నాసరయ్య.

"నాకు చెప్పకపోతే ఎట్లాగయ్యా?"

"మీకు చెబితే ఇంక రహస్యమేముందండీ?" అన్నాడు చెంచయ్య. తమ్ముడి తెలివికి అన్న పొంగిపోయాడు.

ప్లీడరు తల పట్టుకుని, బతిమాలి బామాలి సంగతి రాబట్టాడు. "సరే, మీ ఆడవాళ్ళిద్దరి మాటా విని ఎవరిదో తేలుస్తాను. అందాకా నగ ఎక్కడుందో ఎవరికీ తెలియనివ్వకండి."

"ఎవరికీనా అండి?"

"ఎవరికీ!"

దారంతా అదే ఆలోచన. "ఆడాళ్ళకీ తెలియకూడదురా" అన్నాడు నాసరయ్య.

"మరి మనకో?"

"మనమూ ఆ ఎవరికీలోనేగా!"

అంతే. కళ్ళకు తువ్వాళ్ళు కట్టుకుని, తమ బీడుచేలోకి దిగి, గానుగెద్దుల్లా గిరగిరా తిరిగి, ఎక్కడో గుంట తీసి కాసులపేరు పూడ్చేశారు. తడుముకుంటూ ఇంటికొచ్చాకే తువ్వాళ్ళు విప్పారు.

"ఎక్కడుందో తెలుసా అన్నా?"

"నీమీద ఒట్టు, తెలీదురా!"

వారం తిరక్కుండా ఆ చేలో ఎరువు కోసం మంద పెట్టడానికి పొరుగూరి గొర్రెలకాపరి పోలయ్య వచ్చాడు. గుంజ పాతుతుంటే నగ బయటపడింది. పాపం, నిజాయితీపరుడు. నేరుగా ఇంటికే పట్టుకొచ్చాడు.

"అయ్యా, మీ చేలో దొరికింది. మీదేనా?"

కోడళ్ళిద్దరూ "మా అత్త..." అనబోయారు. మొగుళ్ళు చటుక్కున వాళ్ళ నోళ్ళు మూసేశారు.

"మాది కాదు! కాసులపేరంటే ఏంటో కూడా మాకు తెలీదు!" అన్నాడు నాసరయ్య.

"మేం దాన్ని అక్కడ పూడ్చనే లేదు!" అన్నాడు చెంచయ్య.

పోలయ్య కాసేపు బుర్ర గోక్కుని, నగ మొలలో దోపుకుని, మంద దగ్గరికి వెళ్ళిపోయాడు. గురవమ్మ, అంకమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. అన్నదమ్ములు మాత్రం గుట్టు నిలిచిందని ఎగిరి గంతేశారు.

ఉన్నట్టుండి చెంచయ్య మొహం పాలిపోయింది. "కొంప మునిగింది అన్నా! నగ పోలయ్య దగ్గరుందని ఇప్పుడు మనకి తెలిసిపోయిందిగా!"

ఇంకేముంది, ఇద్దరూ పడుతూ లేస్తూ పరిగెత్తి పోలయ్య కాళ్ళ మీద పడ్డారు. "బాబ్బాబు, ఇప్పుడే మంద తోలుకుని ఎటైనా వెళ్ళిపో నాయనా! ఏ ఊరెళ్తున్నావో మాకు మాత్రం చెప్పకు!"

పోలయ్య మంచివాడు. చెప్పకుండానే వెళ్ళిపోయాడు.