కోటిరత్నం బస్సులో మిరియాల చారు

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడదామంటే, ఈ కథలో మనిషికి ఊరే లేదే పిల్లా. అందుకని, అనగనగా ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద ఒక చిన్న బస్సు. ఆ బస్సులో కోటిరత్నం అని ఒకావిడ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను. మధ్యలో మంచినీళ్ళు, బాత్‌రూము అన్నావంటే బస్సు అక్కడే ఆగిపోతుంది, నేను మళ్ళీ నడపను.

ఆ బస్సు ఒకప్పుడు పెళ్ళివాళ్ళని మోసేది. ముసలిదైపోయాక దాన్ని ఎవరూ ఎక్కలేదు. అప్పుడు కోటిరత్నం కొనుక్కుంది. సీట్లు పీకించేసింది. ఒక పక్క పడుకోడానికి బల్ల, ఒక పక్క గ్యాసు పొయ్యి, వెనకాల పనిముట్ల పెట్టె. నెత్తిన నీళ్ళ డ్రమ్ము. డ్రమ్ము నుంచి లోపలికి ఒక గొట్టం, గొట్టానికి ఒక కుళాయి. పైకప్పు మధ్యలో గాలి కోసం పీటంత మూత. ఇంతే ఇల్లు. చీపురు నాలుగు ఊపులు ఊపితే ఊడవడం అయిపోయేది.

కొన్నది ఆవిడ డబ్బుతోనే. రాయించింది మాత్రం అన్న పున్నయ్య పేర. ఆడమనిషి పేర బండేమిటి, పోలీసులు ఆపితే ఎవరు మాట్లాడతారు అన్నారు పెద్దవాళ్ళు. ఆ తర్వాత పోలీసులు చాలాసార్లు ఆపారు. ప్రతిసారీ మాట్లాడింది కోటిరత్నమే. పున్నయ్య అప్పుడల్లా ఇంట్లో పడుకుని ఉండేవాడు.

ఆవిడ పని ఏమిటంటే, కుక్కర్లు బాగుచెయ్యడం. రోజుకో సంత. సంత పక్కన బస్సు ఆపుకుని, తలుపు దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చునేది. ఆడవాళ్ళు కుక్కర్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. "విజిల్ రావట్లేదు రత్నమ్మా" అని ఒకావిడ. "పక్కల నుంచి కారిపోతోంది" అని ఇంకొకావిడ. "మూత ఎగిరి అటకెక్కింది, మా ఆయన ఇంకా మంచం కింద నుంచి రాలేదు" అని మరొకావిడ.

కోటిరత్నం మూత తిరగేసేది. విజిల్ కూర్చునే గొట్టంలో సూది పెట్టి పొడిచేది. తర్వాత దాన్ని కంటికి ఆనించుకుని ఆకాశం కనబడుతోందా లేదా చూసేది. కనబడిందాకా పొడిచేది. ఆ తర్వాత ముగ్గురికీ ఒకటే మాట చెప్పేది.

"ఆవిరికి దారుండాలి తల్లీ. దారి మూసేసి కింద మంట పెడితే ఎవరికైనా కోపం రాదా?"

ఈ మాట గుర్తుపెట్టుకో. ఆవిడ మర్చిపోయింది, నువ్వైనా గుర్తుపెట్టుకో.

సంత లేని రోజున ఆవిడ ఇంటిపని చూసుకునేది. డ్రమ్ములో నీళ్ళు పట్టేది. టైర్లని కాలితో తన్ని చూసేది. కుళాయి కారితే లోపలి రబ్బరు మార్చేది. తలుపు గొళ్ళెం వదులైతే బిగించేది. సముద్రం పక్క ఊళ్ళు కదా, ఉప్పుగాలి. రేకు ఎక్కడ తుప్పు పడితే అక్కడ గరుకు కాగితంతో రుద్ది రంగు పూసేది. ఇక్కడ పూస్తే అక్కడ లేచేది. అక్కడ పూస్తే ఇక్కడ లేచేది. ఆవిడకి విసుగూ లేదు, ఇష్టమూ లేదు. పళ్ళు తోముకున్నట్టు చేసేది, అంతే.

అలా ఉండగా ఒక ఎండాకాలం పున్నయ్య సంతకొచ్చాడు. బస్సు చుట్టూ తిరిగాడు. రేకు మీద వేలితో కొట్టాడు.

"ఏమే రత్నం, ఈ డబ్బాలో ఎన్నాళ్ళే? నూడుల్స్ కొట్టు పెట్టుకుంటానని ఒకడు అడుగుతున్నాడు. అమ్మేస్తా. నువ్వు ఇంటికి రా. పెరటి గది ఉంది. కిటికీ లేదు గానీ, పక్కా గది."

"నేనక్కడేం చెయ్యాలి?"

"ఏముంది? మీ వదినకి వంటలో సాయంగా ఉంటావు."

"సాయమంటే మొత్తం వంటేగా?"

పున్నయ్య మళ్ళీ రేకు మీద కొట్టాడు. "వానొస్తే ఇది జల్లెడే. నువ్వు తడిసి జబ్బుపడితే ఊరంతా నన్నంటారు" అన్నాడు.

అప్పుడు కోటిరత్నం చేతిలో సూది కింద పెట్టింది.

"సరే అన్నయ్యా, పందెం. ఈసారి మొదటి పెద్దవానకి రా. నా బస్సులో కూర్చుని అన్నం తిను. వాన నీళ్ళు ఒక్క చుక్క నీ మీద పడినా, తాళం నీ చేతిలో పెట్టి పెరటి గదికి వస్తా. పడకపోతే బస్సు నా పేర రాయించాలి."

పున్నయ్య రేకు అతుకుల వైపు చూశాడు. చూసి ఒప్పుకున్నాడు. సంతలో ఉన్న వాళ్ళందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ నూడుల్స్ వాడికి వానలు పడగానే ఇచ్చేస్తానని కూడా చెప్పేసి వెళ్ళాడు.

అప్పుడు కోటిరత్నం బస్సుని సరుగుడు తోపులో ఆపింది. నిచ్చెనేసుకుని పైకెక్కి బిందెడు నీళ్ళు కుమ్మరించింది. దిగి లోపల చూస్తే మంచం బల్ల మీద మడుగు. పున్నయ్య అన్నది నిజమే. ఆవిడ ఆయన్ని తిట్టుకుంది గానీ, అబద్ధమనుకోలేదు.

అప్పుడు తారు కాచింది. రేకుల అతుకులన్నిటి మీదా గోనెగుడ్డ ముక్కలు పరిచి తారు పోసింది. చేతులకి బొబ్బలెక్కాయి. ఆరాక మళ్ళీ నీళ్ళు పోసింది. ఈసారి కిటికీల దగ్గర కారింది.

ఆ తర్వాత పాత కుక్కర్ రబ్బర్లు తీసింది. ఆవిడ దగ్గర వాటికేం కొదవ? కోసి, సాగదీసి, కిటికీ అద్దాల చుట్టూ కుక్కింది. ఎంత బిగువుగా కుక్కిందంటే, అద్దాలు ఇక జరగలేదు. జరక్కపోతేనేం అనుకుంది. మళ్ళీ నీళ్ళు పోసింది. ఈసారి నడినెత్తిన గాలిమూత దగ్గర కారింది.

ఆ తర్వాత ఆ మూత చుట్టూ కూడా తారు పోసి అతికేసింది. మళ్ళీ నీళ్ళు పోసింది. ఒక బిందె, ఇంకో బిందె, ఇంకోటి. లోపల చుక్క లేదు. చెయ్యిపెట్టి తడిమి చూసింది. పొడిపొడిగా ఉంది.

ఆ రోజు హాయిగా పడుకుంది. మర్నాడు తలుపేసుకుని వంటచేస్తుంటే కిటికీ అద్దాలకి లోపలివైపు చెమ్మ పట్టింది. పాతగుడ్డతో తుడిచేసింది. తర్వాతి రోజూ పట్టింది. మళ్ళీ తుడిచేసింది. ఏమిటీ తడి అని ఒక్కసారైనా అనుకుందా? అనుకోలేదు. వాన పైనుంచి కదా వచ్చేది, ఆవిడ కళ్ళన్నీ పైనే ఉన్నాయి.

అప్పుడు వానొచ్చింది. అలాంటిలాంటి వాన కాదు. సముద్రం మీద నల్లగా లేచి, పట్టపగలు దీపాలు పెట్టించిన వాన. పున్నయ్య మాట తప్పేవాడు కాదు, అదొక్కటి ఒప్పుకోవాలి. గొడుగేసుకుని, తుమ్ముకుంటూ వచ్చాడు. వానాకాలం వస్తే చాలు ఆయనకి పడిశం. మజ్జిగ వల్ల అనేవాడు. మజ్జిగ మానేశాక మబ్బుల వల్ల అనేవాడు.

"అన్నంలోకి ఏం చేశావు?"

"పడిశం కదా, మిరియాల చారు పెట్టా. తలుపెయ్యి, జల్లు వస్తోంది."

తలుపేశాడు. కోటిరత్నం వేడివేడి అన్నం వార్చింది. చారు పొంగించింది. చెల్లెలు వడ్డించింది, అన్న కూర్చున్నాడు. పైన రేకు మీద వాన దరువు. ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. వాళ్ళిద్దరికీ అదే మంచిది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. టప్‌మని ఒక చుక్క పళ్ళెం అంచు మీద పడింది. పున్నయ్య దాన్ని చూశాడు. కోటిరత్నం కూడా చూసింది.

రెండో ముద్ద కలిపాడు. టప్‌మని చేతి మీద పడింది. పున్నయ్య మీసం కదిలింది.

మూడో ముద్ద ఎత్తాడు. టప్‌మని బట్టతల నడిమధ్యన పడింది.

"పడింది!" అన్నాడు పున్నయ్య. పళ్ళెం పక్కన పెట్టి చెయ్యి చాచాడు. "తాళం ఇయ్యి."

కోటిరత్నం తలెత్తి చూసింది. పైకప్పు రేకంతా ముత్యాలు చల్లినట్టు నీటిబొట్లు. అతుకుల దగ్గరే కాదు. అతుకు లేనిచోట కూడా. చిల్లి పడడానికి వీల్లేని చోట కూడా. ఆ రూపు ఆవిడ ఎక్కడో చూసింది. ఎక్కడ? రోజూ చూసేదే. ఉడికిన కుక్కర్ మూత తీసి తిరగేస్తే లోపల ఎలా ఉంటుంది? అలా ఉంది.

"ఓరి దేవుడా" అంది కోటిరత్నం. "విజిల్ మర్చిపోయాను."

"ఏం విజిలే?"

"అన్నయ్యా, ఇది వాన కాదు. నీ అన్నం ఆవిరి. నీ చారు ఆవిరి. పైకి పోడానికి దారి లేక నీ నెత్తికెక్కింది."

"కబుర్లు చెప్పకు. నీళ్ళు పైనుంచి పడ్డాయి. బయట వాన. ఇంకేం కావాలి?"

"రుజువు కావాలి. వానైతే నేను మాట తప్పను, రేపే అమ్ముకో. లే, పళ్ళెం పట్టుకో గట్టిగా."

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజను తిప్పింది. అది దగ్గింది, మళ్ళీ దగ్గింది, తర్వాత లేచింది. ఆ గాలిమూత వెనక్కి తెరుచుకునే రకం. బస్సు ముఖం గాలికి ఎదురుగా ఉంటే జల్లు మూత మీదుగా దాటిపోతుంది. అందుకని తోపులో చెట్ల మధ్య ముందుకీ వెనక్కీ ఆడించి, ఇంటి ముఖం సముద్రం వైపు తిప్పింది. పక్కా ఇళ్ళవాళ్ళు ఎంతమంది ఉన్నారు, ఒక్కళ్ళని తిప్పమను చూద్దాం! పున్నయ్య ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని దేవుళ్ళందర్నీ పిలిచాడు.

ఆ తర్వాత ఆవిడ పాతచీర ముక్కతో పైకప్పు మొత్తం తుడిచింది. మూల కూడా వదల్లేదు.

ఆ తర్వాత అట్లకాడ తీసుకుని బల్ల ఎక్కింది. తారు పోసి తనే మూసిన మూత. చేతులు బొబ్బలెక్కించుకుని తనే చేసిన పని. దాని సందులో అట్లకాడ దోపి చుట్టూ కోయడం మొదలుపెట్టింది.

"ఏమే, మతి పోయిందా? ఇంత వానలో నెత్తిమీద మూత తీస్తారా ఎవరన్నా?"

"కిందే కూర్చో అన్నయ్యా. సరిగ్గా మూత కింద. జరిగావంటే పందెం నాదే."

భుజంతో ఒక్క తోపు తోసింది. తారు చర్రున చిరిగింది. మూత బెత్తెడు లేచింది. వాన చప్పుడు ఒక్కసారిగా లోపలికొచ్చింది. వాన మాత్రం రాలేదు.

అప్పుడు ఆవిడ మళ్ళీ పొయ్యి వెలిగించింది. మళ్ళీ చారు మరిగించింది. గిన్నె మీద మూత పెట్టలేదు. ఆవిరి తెల్లగా లేచి, పున్నయ్య ముక్కు పక్కనుంచి, బట్టతల మీదుగా, ఆ సందులోంచి బయటికి పోయింది. పున్నయ్య మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాడు. రేకు పొడిగానే ఉంది. వాన ఇంకా పెరిగింది. రేకు పొడిగానే ఉంది. చారు సగానికి మరిగింది. రేకు అప్పుడూ పొడిగానే ఉంది.

కోటిరత్నం గరిటెతో చారు కలుపుతూ కూర్చుంది.

చివరికి పున్నయ్య పళ్ళెం ముందుకు జరిపాడు. "ఇంకొంచెం చారు పొయ్యి" అన్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం. అలాంటివాళ్ళు అంతకన్నా ఒప్పుకోరు, నువ్వు ఎదురుచూడకు.

వాన తెరిపిచ్చింది. పున్నయ్య గొడుగు తీసుకున్నాడు. మెట్టు మీద నిలబడ్డాడు. దిగలేదు. సరుగుడు చెట్ల వైపు చూస్తూ అడిగాడు.

"ఆ తారు... ఏమన్నా మిగిలిందా?"

"ఎందుకు?"

"మా పడగ్గదిలో స్లాబు కారుతోంది. సరిగ్గా నా దిండు మీద. నాలుగేళ్ళయింది."

కోటిరత్నం ఆయన ముక్కు వైపు చూసింది. ఎర్రగా ఉంది. "మజ్జిగ వల్ల అన్నావు కదా అన్నయ్యా" అంది. ఇంక నవ్వాపుకోలేకపోయింది. పున్నయ్య మళ్ళీ తుమ్మాడు.

ఆ తర్వాత పున్నయ్య బస్సుని చెల్లెలి పేర రాయించాడు. నూడుల్స్ వాడు వేరే బండి చూసుకున్నాడు. కోటిరత్నం అన్న ఇంటి ముందు బస్సు ఆపి, స్లాబు ఎక్కి, పగుళ్ళు కడిగి తారు పూసింది. దిగేసరికి వదిన సామ్రాజ్యం మంచినీళ్ళిచ్చింది.

"ఈ పూటకి పెరటి గదిలో పడుకో రత్నం. శుభ్రంగా ఊడ్చి ఉంచా."

కోటిరత్నం ఆ గది గుమ్మం దాకా వెళ్ళింది. తల లోపలికి పెట్టి నాలుగు గోడలూ చూసింది. కుక్కర్ మూత చూసినట్టే చూసింది.

"దీనికి దారి లేదు వదినా" అంది. అని, వెళ్ళి తన బస్సులో తను పడుకుంది. నెత్తిమీద మూత వేలెడంత తెరిచి పెట్టుకుని.

అయిపోయింది. ఏమిటీ, రోజూ తెరిచే ఉంచేదా అంటావా? రోజూ తెరిచే ఉంచేది. దోమలు రావా అంటావా? వచ్చేవి. దోమతెర కట్టుకునేది. నీకు అన్నీ కావాలి. కళ్ళు ముయ్యి.

చారు పోయె అన్నయ్య కడుపులోకి,
ఆవిరి పోయె ఆకాశంలోకి,
బస్సు పోయె బాపట్ల రోడ్డులోకి,
కథ పోయె కంచి ఊళ్ళోకి,
నువ్వు పోవే నీ దుప్పట్లోకి.