నెమలిదిన్నెలో మూడో పిలుపు

ఒకానొక రాజ్యాన్ని వీరభుజంగరాయలనే ప్రభువు ఏలేవాడు. ఆయన గర్జిస్తే మేఘాలు దారి మార్చుకునేవట! అంతటివాణ్ణి నెమలిదిన్నె ఊరు తన కోట తలుపు బయట జోరువానలో నిలబెట్టింది.

అక్కడ తలుపు కాసేవాడు తలారి దుర్గన్న. పొద్దుగూకాక ఎవరొచ్చినా మూడో పిలుపుకు గానీ తీయకూడదని ఆ ఊరి కట్టుబాటు. పోయినవాళ్లు తెలిసిన గొంతుతో వచ్చి పిలుస్తారనీ, రెండుసార్లకు మించి పిలవలేరనీ వాళ్ల నమ్మకం. దుర్గన్న రాయలవారి చేత మూడుసార్లూ పిలిపించుకున్నాడు.

తెల్లారగానే కొలువు తీరింది.

“తలారి నా నౌకరు! వాడికి నిబంధనలు పెట్టేది నేనా, ఊరి పెద్దలా?” అని రాయలు మండిపడ్డాడు. “ఇకమీద మొదటి పిలుపుకే తీయాలి. రేపు వీడి తల తీయించండి!”

“ఊరు పెట్టుకున్న మనిషిని దొరా, ఊరి మాట విన్నాను,” అన్నాడు దుర్గన్న.

ఆస్థానంలో విదూషకుడు పేరిభొట్లున్నాడు. రాతి విగ్రహాలను సైతం పొట్ట పట్టుకుని నవ్వించిన ఘనుడు! “చిత్తం మహాప్రభో. తమ కొత్త నిబంధన ఈ సందెవేళ తమ ఎదుటే అమలు చేయించి, ఆపైన తల సంగతి చూద్దాం,” అన్నాడు.

చాటుగా పగటివేషగాడు భద్రయ్యకు పని పురమాయించాడు. రాయలవారి గొంతుతో రెండంటే రెండు కేకలు వేసి, పక్కనున్న చిన్న దిడ్డి గుమ్మంలోంచి లోపలికి వచ్చెయ్యాలి.

సందె వాలింది. అడవి మీంచి పొగమంచు దిగి కోటగోడను మింగేసింది. రాయలు తలుపు లోపల ఆసనం వేయించుకుని కూర్చున్నాడు.

“ఎవర్రా అక్కడ! నేను రాయలను! తలుపు తియ్!”

అచ్చం ఆయన గొంతే.

“మొదటి పిలుపు, ప్రభూ. తీయించమంటారా?” అన్నాడు పేరిభొట్లు.

“వద్దు! నేను ఇక్కడే ఉన్నాను కదయ్యా!”

“మరి తమ నిబంధన?”

రెండో పిలుపూ వచ్చింది. రాయల మొహం పాలిపోయింది. అంతలో దిడ్డిలోంచి భద్రయ్య వచ్చి వంగి దండం పెట్టాడు. సంగతి అర్థమై రాయలు, “ఓరి భొట్లూ!” అంటూ నవ్వబోయాడు.

“తలుపు తియ్...”

బయటినుంచి. అదే గొంతు.

భద్రయ్య ఎదురుగానే ఉన్నాడు, నోరు మూసుకుని. దివిటీ మంట సన్నగిల్లింది. పుట్టి బుద్ధెరిగాక పేరిభొట్లు నాలుక ఎండిపోవడం అదే మొదలు.

రాయలు అతని ఉత్తరీయం గట్టిగా పట్టుకున్నాడు. “మూడయ్యాయి! ఇప్పుడేం చెయ్యాలి?”

“ఆజ్ఞ... తమరిదే కదా ప్రభూ.”

“నాది కాదు! ఊరిది! ఆ తలారిని అడుగు!”

దుర్గన్న ముందుకొచ్చాడు. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. “ఒకే మనిషి లోపలా బయటా ఉంటే ఏం చెయ్యాలో కట్టుబాటులో లేదు దొరా. పొద్దున ఊరి పెద్దలు కూర్చుని తేల్చాలి.”

“తేల్చనీ! అందాకా తీయకు నాయనా!”

బయట ఏదో తలుపు చెక్క పొడుగునా గోళ్లతో మెల్లగా గీసుకుంటూ కిందికి జారింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

పొద్దెక్కాక గానీ రాయలకు నవ్వు రాలేదు. వచ్చాక మాత్రం కోట బురుజులు అదిరాయి! పేరిభొట్లుకు తన భుజకీర్తులు తీసి తొడిగాడు. దుర్గన్న తల దుర్గన్నకే వదిలేశాడు. ఊరి నౌకర్ల నిబంధనలు ఊరివేనని రాగిరేకు మీద చెక్కించాడు. పెద్దలు కూర్చుని, గొంతు దొంగిలించేదానికి తల్లి పేరు తెలియదు గనక పిలిచినవాడు అది కూడా చెప్పాలని కొత్త కట్టుబాటు చేశారు.

ఆనాటినుంచి రాయలవారు నెమలిదిన్నెకు ఎప్పుడొచ్చినా మూడుసార్లు పిలిచి, బుద్ధిగా తల్లి పేరు చెప్పి, తలుపు తీసేదాకా వెనక్కి తిరిగి చూడకుండా నిలబడేవారు.