ఇనుపగడకి కట్టిన ఒక్క ఆకు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు పైడికోట అనుకుందాం, రణభీమరాయలనే రాజుగారు ఉండేవారు. మంచివారే, మనసులో కల్మషం లేదు. కాకపోతే తనకి తోచిన ప్రతి ఆలోచనా లోకంలో అంతకు ముందు ఎవరికీ తోచలేదని ఆయనకి గట్టి నమ్మకం. అలా తోచినవాటిలో ఒకటి తక్కెడ.

కొలువు కావాలన్నవాళ్లు తాటాకు మీద విన్నపం రాసుకుని తేవాలి. అంతవరకు ఏ రాజ్యంలోనైనా ఉన్నదే. కాని రాయలవారు విన్నపాల్ని చదివించేవారు కాదు, తూయించేవారు! సభామండపం మధ్య ఇత్తడి గొలుసులతో పెద్ద తక్కెడ వేలాడేది. ఎవరి ఆకుల కట్ట ఎక్కువ తూగితే కొలువు వారిది. వీశెడైనా తూగని కట్ట నేరుగా వంటశాల పొయ్యిలోకి పోయేది.

"చదివితే పక్షపాతం వస్తుందయ్యా. తక్కెడకి చుట్టాలున్నారా, పక్కాలున్నారా?" అనేవారు రాయలవారు మీసం దువ్వుకుంటూ. సభలో అందరూ తలలూపేవారు.

మరి జనం ఊరుకుంటారా? ముత్తాతల పేర్లు, మేనమామల బిరుదులు, తాతగారు చేసిన యాత్రలు, ఆ యాత్రలో తిన్న ఫలహారాలు, ఏది దొరికితే అది రాయించి కట్టలో కలిపేవారు. కట్టకి రెండువైపులా పెట్టే పలకలు పూర్వం వెదురువి, ఇప్పుడు టేకువి. ఒకాయన ఆకుల్ని రెండు రోజులు నీళ్లలో నానబెట్టి తెచ్చి ఏనుగులశాల అధికారి అయిపోయాడు. నవ్వకండి, ఆయన ఇప్పటికీ ఆ కొలువులోనే ఉన్నాడు. ఏనుగులే చిక్కిపోయాయి.

ఆ సభలో తిప్పన్న అని వ్రాయసకాడు ఉండేవాడు. రాజుగారి ఉత్తరాలూ శాసనాలూ రాసిపెట్టడం అతని పని. గడుసువాడు, మాటకారి. తక్కెడ శాసనం రాసింది కూడా అతనే. "పలకలతోనూ కట్టుతాళ్లతోనూ సహా తూచవలెను" అని రాయలవారు చెబుతుంటే అక్షరం పొల్లు పోకుండా రాశాడు. రాస్తున్నంతసేపూ నవ్వొచ్చింది. దాన్ని పెదవి దాటనివ్వలేదు. కొలువులో పదిహేనేళ్లు నెగ్గుకొచ్చినవాడికి ఆ మాత్రం తెలియదా!

ఇలా ఉండగా కొంగలేటి ఆనకట్ట దగ్గర తూముల కాపరి గంగన్న కన్నుమూశాడు. ఆ ఆనకట్టకి ఐదు తూములు. వానాకాలంలో ఏరు పొంగితే ఏ తూము తలుపు ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో తెలిసినవాడు అక్కడ ఉండాలి. లేకపోతే దిగువనున్న ఆరు ఊళ్లు ఏట్లో కలిసిపోతాయి. కాపరి కావలెనని దండోరా వేయించారు. వానలకి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి.

దండోరా వేసిన మూడోనాడు పొద్దున్నే తిప్పన్న ఇంటి అరుగు ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. భుజం మీద నిలువెత్తు ఇనుపగడ, చేతిలో ఒక తాటాకు.

"సామీ, నేను గంగన్న కొడుకుని, ఓబులేసుని. నా దస్తూరీ నాకే అర్థం కాదు. దీన్ని కాస్త తిరగరాసి పెట్టండి" అన్నాడు.

తిప్పన్న ఆకు అందుకుని చదివాడు. "మహారాజా, దిక్కులేనివాణ్ణి, తమ పాదధూళిని, ముసలితల్లి ఉన్నది, దయ చూడండి" అని ఉంది. వెనక్కి తిప్పాడు. వెనక కూడా దయ చూడమనే ఉంది.

"ఇందులో తూము మాట ఏదయ్యా?"

"తూము కొలువుకే గదా సామీ అడుగుతున్నా! మళ్లీ అదెందుకు రాయడం?"

"ఓరి నీ అమాయకత్వం కూలా! జాలి అడిగితే జాలిపడి పంపేస్తారు, పని ఇవ్వరు. నువ్వేం చేశావో చెప్పు."

ఓబులేసు తల గోక్కున్నాడు. "నేనేం చేశాను సామీ? తూములెత్తేవాణ్ణి, దించేవాణ్ణి. అంతే."

"ఎన్నేళ్లు?"

"మా అయ్య పక్కన పన్నెండు వానాకాలాలు."

"మరి అది చెప్పవేం!" తిప్పన్న కొత్త ఆకు తీసి గంటం పట్టాడు. "నీకు తప్ప ఇంకొకరికి తెలియని సంగతి అక్కడ ఏదైనా ఉందా?"

"నాలుగో తూము తలుపు వంగిపోయింది సామీ. తలుపులెత్తే ఈ గడని ఎడమకి తిప్పి ఎత్తాలి. తెలీక కుడికి తిప్పితే గొలుసు తెగుద్ది. తెగితే మళ్లీ దించలేం. ముందు మునిగేది మా ఊరే. మా అమ్మ అక్కడే ఉంది." భుజాన ఉన్న గడని తట్టాడు. "అందుకే ఈ గడని ఎక్కడికెళ్లినా భుజాన వేసుకునే తిరుగుతున్నా. అయ్య పోయాక దీన్ని అప్పజెబుదామంటే కాపరి లేడు. వదిలేస్తే ఎవడైనా తమాషాకి తలుపు ఎత్తుతాడని భయం."

తిప్పన్న ఆ గడ వైపు చూశాడు. చేతులు పట్టే చోట ఇనుము అరిగి నున్నగా మెరుస్తోంది. తండ్రీ కొడుకుల పట్టుకి అరిగిన ఇనుము అది.

"పెద్ద వరద ఎప్పుడైనా చూశావా?"

"నాలుగేళ్ల కిందట వచ్చింది గదా సామీ. అయ్యకి ఒళ్లు తెలియని జ్వరం. నేనొక్కణ్ణే ఉన్నా. తూములన్నీ ఎత్తితే ఊళ్లు మునుగుతాయి, ఎత్తకపోతే కట్ట తెగుద్ది. ముందు ఐదోది ఎత్తా. దాని నీళ్లు పక్కనున్న బీడు భూముల్లోకి పోతాయి. కాసేపటికి ఏటి పోటు తగ్గింది. దిగువన ఒడ్డు మీద ఎవరో దొర పట్టుడేరా వేసుకుని ఉన్నాడు. నీళ్లు సరిగ్గా ఆ డేరా తాళ్ల దాకా వచ్చి ఆగినాయి."

తిప్పన్న చేతిలో గంటం ఆగిపోయింది.

ఆ డేరా ఎవరిదో అతనికి తెలియకేం! రాయలవారు వేటకి వెళ్లి దిగిన డేరా అది. ఏరు తన కాళ్ల దగ్గరకి వచ్చి, తన చూపుకి జడిసి ఆగిపోయిందని ఆయన తిరిగి వచ్చి సభంతటికీ చెప్పారు. "ఏరు నిలిపిన రాయుడు" అని భట్రాజులు పొగుడుతున్నది దాన్ని గురించే. ఏటి ఒడ్డున ఆ మాటతో శిలాశాసనం కూడా వేయించారు. దాన్ని రాసి ఇచ్చింది ఎవరనుకున్నారు? ఈ తిప్పన్నే.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆనాడు ఆనకట్ట దాకా వెళ్లి, ఏం జరిగిందని ఒక్కరిని అడిగినా తెలిసేది. అడగలేదు. విన్నది రాసేశాడు. చేసినవాడు నాలుగేళ్ల తర్వాత తన అరుగు ముందు నిలబడి, నేనేం చేశాను సామీ అంటున్నాడు!

గంటం మళ్లీ కదిలించాడు. ఆకుకి ఒకవైపే నిండింది. చివరి పంక్తి దగ్గర మాత్రం ఆగాడు. అది రాస్తే ఓబులేసుకి కొలువు రావచ్చు, తనకి పోవచ్చు. కొలువుతో పాటు తల కూడా పోవచ్చు. అయినా రాసేశాడు.

"ఒక్క ఆకేనా సామీ? వీశెడు తూగదు గదా!" అన్నాడు ఓబులేసు దిగులుగా.

"తూగదు. కాని కట్టుతో సహా తూస్తారు. దీన్ని నీ గడకి కట్టుకుని రా."

విన్నపాల రోజు వచ్చింది. సభ కిటకిటలాడుతోంది. మహామంత్రిగారి బావమరిది జయదత్తుడి కట్టని ఇద్దరు మోసుకొచ్చారు. పన్నెండువందల ఆకులు, టేకు పలకలు, వెండి తీగ కట్టు. తక్కెడ పళ్లెం ధన్‌మని నేలకి దిగింది. అందరూ శభాష్ అన్నారు. జయదత్తుడు అప్పుడే కాపరి అయిపోయినట్టు నాలుగు దిక్కులా నమస్కారాలు పెట్టాడు.

అప్పుడు ఓబులేసు వచ్చి, గడని రెండో పళ్లెంలో పెట్టాడు. దానికి నూలుదారంతో కట్టిన ఒక్క ఆకు వేలాడుతోంది. టేకు పలకలు, వెండి తీగ, పన్నెండువందల ఆకులు, అన్నీ చూస్తుండగానే గాల్లోకి లేచాయి.

"మోసం!" అని అరిచాడు జయదత్తుడు.

రాయలవారి కళ్లు ఎర్రబడ్డాయి. "ఎవడ్రా నీకీ బుద్ధి చెప్పింది?"

"నేనే ప్రభూ" అంటూ తిప్పన్న ముందుకి వచ్చాడు. "పలకలతోనూ కట్టుతాళ్లతోనూ సహా తూచమని ఏలినవారి శాసనం. ఆయనది టేకు పలక, ఇతనిది ఇనుప పలక. పలక దేనితో చేయాలో శాసనంలో లేదు. రాసినవాణ్ణి గనక నాకు తెలుసు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు.

"నా తక్కెడని నవ్వులపాలు చేస్తావా? సరే! ఈ వేళ రెండు విన్నపాలూ నేనే చదివించి వింటాను. ఆ ఆకులో పస లేకపోతే నిన్నూ వాణ్ణీ సరిహద్దు దాటిస్తాను" అన్నారు రాయలవారు.

"చిత్తం. అడిగింది తూముల కాపరిని గనక, తూము అన్న మాట వచ్చేదాకా చదివిస్తే చాలు ప్రభూ."

పెద్ద కట్ట విప్పారు. చదువరి మొదలుపెట్టాడు. జయదత్తుడి ముత్తాతకి ముత్తాత పుట్టిన నక్షత్రంతో మొదలైంది. ఆయన పెళ్లిళ్లు అయ్యాయి. ఆయన కొడుకుల పెళ్లిళ్లు అయ్యాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. చదువరి మారాడు. మహామంత్రి కునుకు తీస్తున్నారు. రాయలవారి భోజనం వేళ దాటింది. ఇంకా జయదత్తుడి తాత పుట్టలేదు.

"ఏమయ్యా, తూము ఎక్కడుంది?" అని అడిగారు రాయలవారు కడుపు పట్టుకుని.

జయదత్తుడు గబగబా ఆకులు తిరగేశాడు. అటూ చూశాడు, ఇటూ చూశాడు. "క్షమించాలి ప్రభూ... పోయిన ఏడు ఇదే కట్ట గుర్రపుశాల కొలువుకి పంపాను. అంతకు ముందు సుంకాల కొలువుకి. ఈసారి ఏ కొలువో రాసేవాడికి చెప్పడం మరిచాను."

రాయలవారు ఆ కట్టని పక్కకి తీయించారు. "రెండోది చదవండి" అన్నారు.

చదువరి ఆకు విప్పి చదివాడు.

"కొంగలేటి ఆనకట్ట తూముల కాపరి కొలువుకి, గంగన్న కొడుకు ఓబులేసు విన్నపం. పన్నెండు వానాకాలాలు ఐదు తూములూ ఎత్తి దించాను. నాలుగో తలుపు వంగి ఉంది, గడ ఎడమకి తిప్పి ఎత్తాలి. వానలకి ముందే దాని గొలుసు మార్చాలి. నాలుగేళ్ల కిందటి పెద్ద వరదలో ఒక్కణ్ణే ఉండి, ముందు ఐదో తూము ఎత్తి నీరు బీడు భూములకి మళ్లించాను. కట్ట తెగలేదు, ఆరు ఊళ్లు మునగలేదు. చూసినవారు: ఆరు ఊళ్ల పెద్దలు. ఏటి ఒడ్డున పట్టుడేరాలో దిగిన ఒక దొర, పేరు తెలియదు."

అంతే. ఒక తాంబూలం నమిలేంత సేపు కూడా పట్టలేదు.

భట్రాజులు నేల చూపులు చూస్తున్నారు. ఓబులేసు ఏమైందో అర్థంకాక గడని గట్టిగా పట్టుకున్నాడు. రాయలవారు అతని చేతుల వైపు చూశారు, ఆ చేతుల కింద అరిగిన ఇనుము వైపు చూశారు. తర్వాత తిప్పన్న వైపు తిరిగారు.

"ఆ శిలాశాసనం రాసింది నువ్వే గదూ?"

"నేనే ప్రభూ. అడగాల్సినవాణ్ణి అడగకుండా రాశాను. తప్పు నాది. దండన కూడా నాకే దక్కాలి."

"అయితే ఏరు నా ఆజ్ఞకి ఆగలేదంటావు!"

తిప్పన్న చేతులు కట్టుకున్నాడు. "ఆగకేం ప్రభూ! ఏలినవారిని చూసి ఏరు జడిసే ఉంటుంది. కాని జడిసిన ఏరు పారిపోవడానికి దారి కావాలి గదా. ఆ దారికి తలుపు తీసినవాడు వీడు."

రాయలవారి మీసం కదిలింది. పెదవి కదిలింది. ఆపుకుందామని చూశారు గాని ఆగలేదు. పకపకా నవ్వేశారు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, సింహాసనం దిగి వచ్చారు. ఆ గడని రెండు చేతులా ఎత్తబోతే భుజం దాకా రాలేదు. మళ్లీ నవ్వుకుని, దాన్ని ఓబులేసు చేతికే ఇచ్చారు.

"ఇది నీదేనయ్యా. వెళ్లు, ముందు ఆ గొలుసు మార్పించు" అన్నారు.

ఓబులేసు కళ్లనీళ్లతో దండం పెట్టి, అమ్మకి చెప్పాలని పరుగున వెళ్లిపోయాడు.

మర్నాడే తక్కెడ సభ దిగి, సంతలో చింతపండు తూచడానికి పోయింది. విన్నపం ఒక్క ఆకు మించరాదని, ఏం చేశారో, ఎక్కడ చేశారో, చూసినవారెవరో అందులో ఉండాలని శాసనం వెలువడింది. ఆ ఏడు కొంగలేరు మూడుసార్లు పొంగింది. ఆరు ఊళ్లలో ఒక్క గడప తడవలేదు.

మూడో వరద తీసిన రోజు సాయంత్రం రాయలవారు తిప్పన్నని ఏటి ఒడ్డుకి తీసుకెళ్లారు. పాత శిలాశాసనం అక్కడ లేదు. కొత్తది ఉంది, ఓబులేసు పేరుతో. దానికేసి చాలాసేపు చూసి అడిగారు.

"తిప్పన్నా, బిరుదులూ తాతముత్తాతలూ తీసేసి, నేనేం చేశానో, ఎవరికి మేలైందో, చూసినవారెవరో, అంతే రాస్తే నా విన్నపం ఎన్ని ఆకులవుతుంది?"

ఈయన్ని పొగడడం తిప్పన్నకి పదిహేనేళ్ల అలవాటు. కాని ఈ ఏటి ఒడ్డున మాత్రం ఇంకొక అబద్ధం రాయలేడు.

"ఇప్పటికి ఒక్క పంక్తి అయింది ప్రభూ. తూములకి సరైనవాణ్ణి పెట్టారు. చూసినవారు ఆరు ఊళ్ల జనం."

"ఒక్క పంక్తేనా!"

"ఆకులో ఇంకా చాలా చోటుంది ప్రభూ."

రాయలవారు గట్టిగా నవ్వారు. నవ్వుతూనే తన నడుముకున్న వెండి గంటం తీసి తిప్పన్న చేతిలో పెట్టారు. "ఇది దగ్గర పెట్టుకో. రెండో పంక్తికి కావలసిన పని చేసి నేనే కబురు పంపుతాను. నువ్వు మాత్రం నన్ను అడిగి రాయకు, ఊళ్లోవాళ్లని అడిగి రాయి."